ఒంగోలు మందల వెంట నీలి చిలుకలు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన దక్షిణ అమెరికా యాత్రావ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బ్వేనోస్ ఐరిస్ నగరం గురించీ ఇగువాసు జలపాతం గురించీ వ్యాసకర్త చక్కగా రాశారు. అయితే ఆ రెండింటి నడుమ ఉన్న వెయ్యి కిలోమీటర్లకు పైబడిన నేలను మాత్రం పశువులు తప్ప చూడదగ్గదేదీ లేని ఖాళీ మైదానమని ఒక్క వాక్యంలో దాటవేశారు. సరిగ్గా ఆ మైదానాన్ని చూడడానికే గత అక్టోబరులో నేనూ, నా భార్యా, మా అమ్మాయీ బయలుదేరి వెళ్లి, నెల రోజుల పాటు అక్కడి పశుక్షేత్రాల్లో తిరిగి వచ్చాము. మేము చూసినదాన్ని బట్టి ఆ మాట సరికాదు. ఆ సంగతి మీ పాఠకులకు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది కొంచెం పొడవుగా సాగుతుంది. విషయం అటువంటిది కనుక ఓపికతో చదవగలరని నమ్ముతున్నాను.

నేను ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో 34 ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. పక్షుల మీద ధ్యాస మా అమ్మాయి వల్ల ఉద్యోగం చివరి రోజుల్లో కలిగింది. ఆమెకు కొద్దిగా స్పానిష్ భాష వచ్చు కాబట్టి అక్కడివారితో మాట్లాడగలిగాము. బీటికి వెళ్లినప్పుడు ఆవు ఏ గడ్డిని కొరికింది, దేన్ని ముట్టకుండా వదిలింది అని మొదట నేల వైపు చూడడం నా వృత్తి నేర్పిన అలవాటు. అదే అలవాటు అక్కడ పక్షుల్ని వెతకడానికి ఎంతో పనికొచ్చింది, ఎందుకంటే ఆ దేశాల్లో ఏ పిట్ట ఎక్కడ ఉంటుందో గడ్డి ఎత్తును చూసి చాలావరకు చెప్పవచ్చు.

లా ప్లాతా నదీముఖం చుట్టూ తూర్పు అర్జెంటీనా, ఉరుగ్వే దేశం, బ్రెజిల్ దక్షిణపు కొస కలిసి సుమారు 7 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఒకప్పుడు ఒకే పచ్చికబయలుగా ఉండేది. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా దానికి రెండున్నర రెట్ల నేల అది. అందులో అర్జెంటీనా వైపు భాగాన్నే ప్రపంచం పంపా అని పిలుస్తుంది. మేము మొదట చూసింది బ్వేనోస్ ఐరిస్‌కు ఆగ్నేయంగా ఉన్న సాంబొరోంబోన్ అఖాతపు తీరాన్ని. అక్కడ భూమి ఎంత చదునుగా ఉంటుందంటే, తీగ కంచె గుంజ మీద కూర్చున్న పిట్ట కూడా అర కిలోమీటరు దూరం నుంచి కనిపిస్తుంది. మందలు ఒక పక్క మేస్తుంటాయి, నీటి మడుగుల్లో కొంగలు నిలబడి ఉంటాయి, ఆకాశం నాలుగు వైపులా నేల దాకా దిగి ఉంటుంది. చెట్టు కనిపిస్తే అది చాలావరకు ఎవరో నాటిందే అయి ఉంటుంది.

మొదటి ఉదయం కారు దిగగానే మా ముగ్గురినీ నిలబెట్టింది తీతువు కేక. అక్కడి తీతువు మన తీతువుకు చాలా దగ్గరి చుట్టం. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. దాని కేకనే దానికి పేరుగా పెట్టి అక్కడివారు తేరో అంటారు. మన ఊళ్లలో రాత్రి తీతువు కూస్తే కీడని పెద్దవాళ్లు గుండె మీద చెయ్యి వేసుకునేవారు. అక్కడి పశుకాపరులు మాత్రం దాన్ని కాపలాదారుగా ఇష్టపడతారు. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి మాట్లాడే మనిషిని గురించి చెప్పవలసి వస్తే, తేరో ఒక చోట అరిచి మరో చోట గుడ్లు పెడుతుందని వాళ్లు సామెతగా వాడతారు. గూటికి దూరంగా పోయి రొద చేసి శత్రువును దారి తప్పించే ఆ అలవాటు మన తీతువుకూ ఉంది. చెరువుగట్ల మీద పెరిగిన మీ పాఠకులు చాలామంది దాన్ని చూసే ఉంటారు.

కంచె గుంజల మీద బంతిలా గుండ్రంగా, మట్టితో కట్టిన గూళ్లు వరసగా కనిపిస్తాయి. అవి ఓర్నేరో అనే గోధుమరంగు పిట్టవి. స్పానిష్ భాషలో ఓర్నో అంటే రొట్టె కాల్చే పొయ్యి. గూడు అచ్చంగా ఆ మట్టిపొయ్యిలాగే ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. 1928లో అక్కడి ఒక దినపత్రిక బడిపిల్లల్ని అడిగి ఓట్లు వేయిస్తే, కొండలమీది మహా రాబందును కూడా కాదని పిల్లలు ఈ చిన్న పిట్టను తమ దేశపు పక్షిగా ఎంచుకున్నారు. ఒక పత్రిక అటువంటి పనికి పూనుకున్నదన్న సంగతి మీకు ప్రత్యేకంగా తెలియజేయాలనిపించింది.

అదే బీటిలో బొరియ నోటి దగ్గర పట్టపగలు నిలబడి మమ్మల్ని గుచ్చి గుచ్చి చూసిన గుడ్లగూబ మన పైడికంటెకు దాయాది. చెట్లు లేని చోట నేలలో కాపురం పెట్టడం నేర్చుకున్నది కనుక విస్కాచా అనే పెద్ద ఎలుకజాతి జంతువు తవ్విన బొరియల్ని కూడా వాడుకుంటుంది. మందల నడుమ నిప్పుకోడిని పోలిన న్యాందూలు ఆవులతో సమానంగా తలవంచి మేస్తూ కనిపించాయి. అందులో ఒక పక్షి వెంట పాతిక దాకా పిల్లలు ఉన్నాయి. అది తండ్రి. అనేక ఆడపక్షులు ఒకే గుంటలో గుడ్లు పెట్టి వెళ్లిపోతే, పొదగడం, పిల్లల్ని మేతకు తిప్పడం, నక్కల బారి నుంచి కాయడం అంతా మగపక్షి పని. అది తెలిశాక నా భార్య చాలాసేపు బైనాక్యులర్ దించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పశువులు మేస్తే పక్షులకు నష్టమని, పశువుల్ని వెళ్లగొట్టి కంచె వేస్తే పక్షులు బాగుపడతాయని మనలో చాలామంది నమ్ముతాము. నేను కూడా అలాగే అనుకుంటూ వెళ్లాను. సాంబొరోంబోన్ తీరంలోని బీళ్లలో చిన్న ఉల్లంకి జాతి పక్షి ఒకటి ఉంది. రొమ్ము లేత ఇసుకరంగులో ఉంటుంది, గుప్పెడంత కూడా ఉండదు. ఉత్తర ధ్రువ ప్రాంతంలో గుడ్లు పెట్టి, అక్కడ చలి మొదలు కాగానే రెండు ఖండాలు దాటి ఈ బీళ్లకు వస్తుంది. దానికి పశువులు బాగా కొరికి నేలకు అంటించిన పొట్టిగడ్డి కావాలి. గడ్డి చీలమండ దాటి పెరిగితే ఆ బీటిలో అది దిగదు. దీనికి పూర్తిగా ఎదురు కథ ఉత్తరాన కోరియెంతెస్ రాష్ట్రంలో చూశాము. అక్కడ ఈగల్ని పట్టే పిట్ట ఒకటి, మగదానికి తోకలో రెండు వెడల్పాటి ఈకలు జెండాల్లాగా వేలాడుతుంటాయి, ఎగిరితే అవి గాలిలో ఈదుతున్నట్టుంటుంది. దానికి నడుము ఎత్తు గడ్డి కావాలి, ఆ గడ్డి మొదళ్లలోనే గూడు. ఏటా గడ్డిని తగలబెట్టి, ఎడతెరిపి లేకుండా మేపిన చోట అది నిలవలేదు. ఒకప్పుడు దక్షిణాన విశాలంగా ఉన్న దాని నివాసంలో ఎక్కువ భాగం ఇప్పటికే ఖాళీ అయింది.

పొట్టిగడ్డి పక్షికీ పొడుగుగడ్డి పక్షికీ ఒకే నేలలో చోటు దొరకాలంటే బీటిని మళ్లుగా విడదీసి, మందను ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పుతూ, ప్రతి మడికీ కొంతకాలం విశ్రాంతి ఇవ్వాలి. వర్షాకాలంలో కొన్ని బీళ్లను మూసి ఉంచి పైరుగడ్డిని ఎదగనిచ్చే పద్ధతి మన పల్లెల్లోనూ ఉండేది. ఆ మాట గుర్రమెక్కి మందలు కాసే, ఎనభై ఏళ్లు దాటిన ఒక గౌచోతో మా అమ్మాయి ద్వారా చెప్పినప్పుడు, ఆయన తను తాగుతున్న, మాటే అనే ఆకు కషాయపు బుర్రను నా చేతికి అందించి, ఆ పని తన తండ్రి కూడా చేసేవాడని అన్నాడు. ఒకే గొట్టంతో అందరూ వంతులవారీగా తాగే ఆ పానీయాన్ని పరాయివాడికి అందించడం అక్కడ పెద్ద మర్యాద. ఆయనకు గడ్డిరకాల పేర్లు నోటికి వచ్చు, ఏ పిట్ట ఏ నెలలో ఏ మూల గూడు పెడుతుందో అంతకంటే బాగా వచ్చు. మా యాత్రలో మాకు దొరికిన గురువుల్లో ఆయనను మించినవారు లేరు.

ఈ పద్ధతిని నిలబెట్టడానికి 2006లో నాలుగు దేశాల పక్షిసంస్థలు చేతులు కలిపాయి. అర్జెంటీనా, ఉరుగ్వే, బ్రెజిల్, పరాగ్వేలకు చెందిన ఆ సంస్థలు పచ్చికబయళ్ల కూటమి అనే పేరుతో పశుక్షేత్రాల యజమానులను కలుపుకొని పనిచేస్తున్నాయి. అర్జెంటీనా నుంచి అందులో ఉన్న ఆవెస్ అర్జెంటీనాస్ 1916లో పుట్టిన సంస్థ. తన క్షేత్రంలో సగానికి తగ్గకుండా సహజమైన గడ్డిని నిలిపి ఉంచిన రైతుకు ధ్రువీకరణ ఇచ్చి, అతని పశుమాంసానికి ప్రత్యేకమైన గుర్తింపు కల్పించడం ఆ కూటమి చేసే పనుల్లో ఒకటి. పచ్చికబయళ్లలో ప్రభుత్వ రక్షణలో ఉన్న భాగం నూటికి రెండు పాళ్లైనా లేని చోట, మిగిలిన నేలంతా రైతుల చేతుల్లోనే ఉన్నప్పుడు, వాళ్లను పక్కనపెట్టి పక్షుల్ని కాపాడడం జరిగే పని కాదు. 2009లో ఏర్పడిన కాంపోస్ దెల్ తుయూ జాతీయోద్యానంలో పంపా జింకల చివరి గుంపులలో ఒకటి మిగిలి ఉంది, అది గొప్ప విషయమే. కాని వలసపక్షులకు ఉద్యానాల సరిహద్దులు తెలియవు, అవి గడ్డి ఉన్న చోట దిగుతాయి.

గడ్డి తగ్గిపోతున్న తీరును కూడా దాచకుండా చెప్పాలి. 1996లో జన్యుమార్పిడి సోయా విత్తనానికి అర్జెంటీనా అనుమతి ఇచ్చిన తరువాత పంపాలోని మంచి నేలలు ఒకటొకటిగా నాగలి కిందికి పోయాయి. కోరియెంతెస్ వైపు పైన్, నీలగిరి తోటలు పచ్చికను మింగుతున్నాయి. పైనుంచి చూస్తే ఆ తోటలూ పచ్చగానే ఉంటాయి కనుక చాలామందికి అది నష్టంగా కనిపించదు. ఒకప్పుడు ధ్రువప్రాంతం నుంచి లక్షల సంఖ్యలో ఈ బీళ్లకు వచ్చిన ఎస్కిమో కర్ల్యూ అనే వంపుముక్కు పక్షిని 1960ల తరువాత రుజువుతో చూసినవారు లేరు. ఉత్తర అమెరికాలో వేట, రెండు ఖండాల్లోనూ గడ్డినేలల సాగు కలిసి దాన్ని తుడిచిపెట్టాయి. ఎర్రరొమ్ము పంపా పిట్ట ఇప్పుడు ముఖ్యంగా బ్వేనోస్ ఐరిస్ రాష్ట్రపు దక్షిణ భాగంలోనూ ఉరుగ్వేలో కొన్ని చోట్లా కొనఊపిరితో మిగిలి ఉంది.

అయితే నన్ను అన్నిటికన్నా కలతపెట్టింది మిడతల గద్ద కథ. అమెరికా, కెనడా పడమటి బీళ్లలో పిల్లల్ని పెంచి, చలికాలం రాగానే దాదాపు 10 వేల కిలోమీటర్లు ఎగిరి అర్జెంటీనాకు వచ్చే స్వైన్సన్ గద్దను అక్కడి రైతులు అలా పిలుస్తారు. మిడతల్ని తిని పైరును కాపాడే పక్షి అది. 1990ల నడుమ, ఈ గద్దలు ఎక్కడ చలికాలం గడుపుతాయో తెలుసుకోవడానికి కొన్నింటికి ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరాలు అమర్చి వెంట వెళ్లిన పరిశోధకులకు, లా పంపా రాష్ట్రంలో చెట్ల కింద గద్దల శవాలు గుట్టలుగా కనిపించాయి. మిడతల కోసం చల్లిన పురుగుమందు తగిలి, విషమెక్కిన మిడతల్ని తిని అవి చచ్చిపోయాయి. 1995–96 కాలంలో లెక్కకు వచ్చిన శవాలే 5 వేల దాకా ఉన్నాయి, చనిపోయినవి అంతకు ఎన్నో రెట్లని అంచనా. ఆ మందు పేరు మోనోక్రోటోఫాస్.

ఆ పేరు విన్నప్పుడు కారులో నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పత్తి, మిరప పండే మన పల్లెల్లో ఆ మందు తెలియని రైతు లేడు. మందు కొట్టిన గట్టు మీద గడ్డి మేసి, నోట చొంగ కారుతూ, కండరాలు అదిరిపోతూ పడిపోయిన పాడిగేదెలకు అట్రోపిన్ సూదులు వేస్తూ తెల్లవార్లూ కూర్చున్న రాత్రులు నా ఉద్యోగజీవితంలో ఎన్నో ఉన్నాయి. కొన్నింటిని బతికించగలిగాను, కొన్నింటిని బతికించలేకపోయాను. ఆ పొలాల్లో చచ్చిన పిట్టల్ని ఎవరూ లెక్కపెట్టలేదు, నేను కూడా లెక్కపెట్టలేదు. అర్జెంటీనాలో లెక్కపెట్టారు. లెక్క ఉంది కాబట్టే ప్రభుత్వమూ తయారీదారులూ రైతులూ ఒక చోట కూర్చున్నారు, మిడతల మీద ఆ మందు వాడకాన్ని ఆపారు, ఆ తరువాత అటువంటి సామూహిక మరణాలు ఆగిపోయాయి. మేము వెళ్లిన కాలానికి గద్దలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. ఒక సాయంత్రం దున్నిన పొలం మీద వాటి గుంపు సుడి తిరుగుతూ కిందికి దిగడం చూశాము.

ఇబెరా చిత్తడినేలల గురించి మీ వ్యాసంలో రెండు వాక్యాలు ఉన్నాయి కనుక నేను క్లుప్తంగా ముగిస్తాను. సుమారు 13 లక్షల హెక్టార్ల ఆ నీటిబీడు ఒకప్పుడు పశుక్షేత్రాల సముదాయం. అమెరికాకు చెందిన ప్రకృతి సంరక్షకులు టాంప్‌కిన్స్ దంపతులు వాటిలో కొన్నింటిని కొని ప్రజలకు అప్పగించగా 2018లో అక్కడ జాతీయోద్యానం ఏర్పడింది. మనుషులు తుడిచిపెట్టిన ఎర్రపచ్చ మకావ్ చిలుకల్ని తిరిగి తెచ్చి వదిలారు, 2021లో జాగ్వార్లనూ వదిలారు. ఒకప్పటి పశుకాపరుల పిల్లలు ఇప్పుడు అక్కడ పడవ నడుపుతూ పక్షుల్ని చూపిస్తున్నారు. మాకు అక్కడ పసుపుతల నల్లపిట్టల గుంపు ఒకటి దొరికింది. నేలమీద నడుస్తూ పురుగుల్ని ఏరుకునే ఆ గుంపు, పొద మీద కాపలాగా కూర్చునే వేరే జాతి తెల్లపిట్టను నమ్ముకుని దాని వెంటే తిరుగుతుంది. తెల్లపిట్ట లేచి ముందుకు వెళ్లినప్పుడల్లా గుంపంతా కదిలింది.

చివరి పది రోజులు బ్రెజిల్‌లోని పంతనాల్ ప్రాంతంలో గడిపాము. వానకాలంలో మునిగి, ఎండకాలంలో పచ్చికగా తేలే ఈ బీడు బ్రెజిల్‌లోనే లక్షన్నర చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ అంత. అందులో నూటికి 90 పాళ్లకు పైగా ఫజెండాలనే ప్రైవేటు పశుక్షేత్రాలే. మొదటి ఫజెండా గేటు తెరుచుకోగానే దారికి అడ్డంగా నిలబడి ఉన్న మందను చూసి నా కాళ్లు ఆగిపోయాయి. తెల్లని ఒళ్లు, నల్లని ముట్టె, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు. నా చేతులతో వేల సార్లు తడిమిన ఒంగోలు జాతి అది. అక్కడ దాని పేరు నెలోరె. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, మన పశువులు ఆ జిల్లా పేరుతోనే ఓడలెక్కాయి. 1868లో సాల్వదోర్ రేవులో ఒక జత దిగినట్టు బ్రెజిల్ పశుపోషకులు చెప్పుకుంటారు. 1960ల తొలినాళ్లలో వెళ్లిన ఆబోతుల్లో ఒకటి మన ప్రకాశం జిల్లా కరవది గ్రామం పేరుతోనే అక్కడి వంశావళుల్లో నిలిచిపోయింది. ఎండకూ పిడుదులకూ తట్టుకుని, నాసి గడ్డితోనూ బలిసే గుణం వల్ల ఇరవై కోట్లకు పైబడిన ఆ దేశపు పశుసంపదలో సింహభాగం ఇప్పుడు ఈ జాతిదే. అడవులు నరికి, ఆఫ్రికా గడ్డి నాటి పెంచే మందల్లోనూ ఇదే పశువు ఉంది. ఆ పాపంలో మన పశువు పేరు కలవడం నాకు బాధగానే ఉంది.

అయితే పంతనాల్ సహజ పచ్చికలో చూసింది వేరు. అక్కడి నీలి మకావ్ ప్రపంచంలోని చిలుకలన్నింటిలో పొడవైనది. ముక్కు నుంచి తోక చివరి దాకా దాదాపు మీటరు పొడవుంటుంది, కంటి చుట్టూ, కింది ముక్కు మొదట్లో పసుపు, ఈకలన్నీ ముదురు నీలం. దానికి ఆహారం రెండు రకాల తాటిజాతి కాయలు. ఆ కాయల పైతొక్కను, గుజ్జును పశువులు తిని, అరగని టెంకలను పేడలోనో నెమరు వేసే చోటనో వదిలేస్తాయి. చిలుకలు దిగివచ్చి, శుభ్రంగా దొరికిన ఆ టెంకలను ఏరుకుని పగలగొట్టి తింటాయి. పూర్వం ఆ పని చేసిన మహాకాయ జంతువులు వేల ఏళ్ల కిందటే నశించిపోగా ఆ లోటును పశువులు తీరుస్తున్నాయని శాస్త్రజ్ఞుల ఊహ. ఒంగోలు మంద లేచిపోయిన చోట, ఇంకా వెచ్చగా ఉన్న నేలమీద పదకొండు నీలి చిలుకలు బుడిబుడి నడకలతో తిరుగుతూ టెంకలు ఏరుకోవడాన్ని నేను కళ్లారా చూశాను. పశువైద్యుడిగా నా జీవితంలో నాకు దక్కిన అపురూపమైన దృశ్యం అదే.

ఆ చిలుక గూడు పెట్టే చెట్టు పేరు మందువి. కనీసం 60 ఏళ్లు పెరిగితే గాని దానికి చిలుక పట్టేంత తొర్ర ఏర్పడదు. ఆ చెట్టు విత్తనాలను ఎక్కువగా వెదజల్లేది టూకాన్ అనే పెద్దముక్కు పక్షి, చిలుక గుడ్లను ఎక్కువగా దొంగిలించి తినేదీ అదే పక్షి. శత్రువును తరిమేస్తే చిలుకకు రేపు ఇల్లు ఉండదు. 1980ల చివర పంతనాల్‌లో 1,500 దాకా మాత్రమే మిగిలిన ఈ చిలుకల కోసం నేవా గెదెస్ అనే జీవశాస్త్రవేత్త 1990 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. తొర్రలు బాగుచేయడం, చెక్కపెట్టెలు కట్టడం, మందువి చెట్టును నరకవద్దని ఫజెండా యజమానులను ఒక్కొక్కరినీ ఒప్పించడం ఆమె పద్ధతి. ఇప్పుడు అక్కడ సుమారు 5 వేల చిలుకలు ఉన్నాయి. 2020లో పంతనాల్‌లో పావు వంతుకు పైగా తగలబడినప్పుడు ఈ చిలుకలు వందలకొద్దీ రాత్రి వాలే ఒక ఫజెండా కూడా కాలిపోయింది. కాలిన తాటిజాతి చెట్ల నల్లటి మొండేలు మాకూ దారి పొడవునా కనిపించాయి, వాటి మధ్య కొత్త ఆకు వేసినవి కూడా ఉన్నాయి.

ఇంకో చిన్న సంగతి చెప్పాలి. అర్జెంటీనాలో ఆవు వీపు మీద కూర్చుని తిరిగే పసుపు రొమ్ము పిట్టను పశువు పేరు కలిపి పికాబ్వే అంటారు. మన బర్రె మీద సవారీ చేసే ఏట్రింతను మనవాళ్లు పసులపోలిగాడు అన్నారు. రెండు పిట్టలకూ చుట్టరికం లేదు. పశువుల వెంట నడిచిన మనుషులు, ఒకరి భాష ఒకరికి తెలియకుండానే, రెండు చోట్లా ఒకే విధంగా పేరు పెట్టారు.

తిరిగి వచ్చాక నా మనసు ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు మీదికి పోయింది. 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించిన ఆ బీడు సుమారు 600 హెక్టార్లు మాత్రమే. చుట్టూ ఉన్న మెట్ట చేలూ మేత బీళ్లూ మారిపోయిన కొద్దీ, కంచె లోపలి ఆ కాస్త నేల బట్టమేకను నిలుపుకోలేకపోయింది. కొన్నేళ్లుగా అక్కడ ఆ పక్షి జాడ లేదు. మన దేశం మొత్తం మీద మిగిలిన బట్టమేకలు 150 దాకానే, అవి దాదాపు అన్నీ రాజస్థాన్‌లో ఉన్నాయి. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే బంజరు భూముల పటంలో పొదలూ గడ్డీ ఉన్న నేలలు చాలావరకు బంజరు కిందికే చేరతాయి. కాగితం మీద బంజరు అని పడిన తరువాత, అక్కడ తోటలు నాటినా సోలార్ పలకలు పరిచినా అడ్డుచెప్పేవారు ఉండరు. మీ వ్యాసంలోని ఖాళీ మైదానం అన్న మాటకు నేను ఇంతగా ఎదురు చెప్పడానికి కారణం ఇదే. అదే మాటతో ఇక్కడ గొల్ల, కురుమల మేత బీళ్లు పోయాయి, వాటితో బట్టమేక పోయింది.

2026ను ఐక్యరాజ్యసమితి పచ్చికబయళ్ల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఈ ఏడాది మీ పత్రిక వార్తల్లోనూ వ్యాసాల్లోనూ మేత బీటిని బీడు అనీ పచ్చికబయలు అనీ రాయవలసిందిగా, అక్కడ నిజంగా ఏమీ పెరగనప్పుడు మాత్రమే బంజరు అన్న మాట వాడవలసిందిగా నా మొదటి విన్నపం. రెండవది, రాబోయే చలికాలంలో మీ విలేకరిని ఒకరిని రోళ్లపాడుకు పంపండి. డిసెంబరు సాయంత్రాలు, పొద్దు గుంకే వేళకు మధ్య ఆసియా నుంచి వలస వచ్చిన పిల్లిగద్దలు ఒకటొకటిగా వచ్చి ఆ గడ్డిలో రాత్రి బసకు దిగుతాయి. ఆ ఊరి గొర్రెల కాపరిని ఒకరిని వెంట తీసుకుని వెళితే ఏ మూల నిలబడాలో ఆయనే చూపిస్తాడు. విలేకరికి బైనాక్యులర్ లేకపోతే నాది ఇస్తాను.

ఇట్లు,
మీ చిరకాల పాఠకుడు,
విశ్రాంత పశువైద్యుడు,
ఒంగోలు.